బంతి వడ్డన, బ్రౌజరు లూపు

అమ్మలూ, ఆ ఫోను ఒక్క నిమిషం పక్కన పెట్టు. వద్దులే, పెట్టకు, దానితోనే మనకి పని. ఇప్పుడు నువ్వు చూస్తున్నదేమిటి? విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్ళే బస్సుల జాబితా. ఒక్కో బస్సుకీ ఒక్కో పెట్టె, అందులో బయల్దేరే వేళ, ఛార్జీ, ఖాళీ సీట్లు. వేలితో పైకి తోస్తుంటే వస్తూనే ఉన్నాయి. ఆ పెట్టెలన్నీ ఎవరో కూర్చుని ఒక్కొక్కటే గీశారనుకున్నావా? ఒక్క పెట్టె ఎలా గీయాలో రాశారంతే. మిగతాదంతా "ఇలాగే చివరిదాకా కానివ్వు" అనే ఒక్క ఆజ్ఞ. ఆ ఆజ్ఞ పేరు లూపు. బస్సుల వివరాలన్నీ వరసగా పేర్చి ఉన్న దాని పేరు అర్రే.

వెబ్ ప్రోగ్రామింగు నేర్చుకునేవాళ్ళకి ఇది మొదటి వారం పాఠం. అర్థమైపోయిందనుకుని ముందుకు పోతారు. పదేళ్ళ అనుభవం ఉన్నవాడు కూడా తిరిగొచ్చి ఇక్కడే కాలు జారతాడు. ఎందుకంటే బ్రౌజర్లలో నడిచే భాష జావాస్క్రిప్టులో అర్రే వెంట నడవడానికి దారి ఒకటి కాదు, అరడజను. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. లెక్క ఎవరు పెడుతున్నారు, ఆగమంటే ఆగేదెవరు, నడుస్తుండగా వరస కదిలితే ఏమవుతుంది, ఈ మూడూ ఒక్కో దారిలో ఒక్కోలా ఉంటాయి. ఆ తేడా చెప్పడానికి నాకు పెళ్ళి భోజనాల బంతిని మించిన పోలిక దొరకలేదు.

ఈ బఫేల రోజుల్లో నువ్వు సరైన బంతి చూశావో లేదో. నేలమీద వరసగా విస్తళ్ళు పరిచేవారు. అందరూ కూర్చున్నాక వడ్డించేవాళ్ళు బకెట్టూ గరిటె పట్టుకుని ఈ చివర మొదలుపెట్టి ఆ చివరిదాకా వెళ్ళేవారు. పప్పుతో ఒకరు, కూరతో ఒకరు, వెనకాలే నేతిగిన్నెతో ఇంకొకరు. బంతే అర్రే. ఒక్కో విస్తరీ అందులో ఒక అంశం. వడ్డించేవాడి నడక లూపు. విస్తరి దగ్గర వంగి వాడు చేసే పని, లూపు లోపల మనం రాసే కోడు.

నడిచే ముందు విస్తళ్ళకి నంబర్లు వెయ్యాలి కదా. నువ్వైతే ఒకటి నుంచి వేస్తావు. జావాస్క్రిప్టు సున్నా నుంచి వేస్తుంది. అయిదు విస్తళ్ళుంటే నంబర్లు సున్నా మొదలు నాలుగు వరకు. ఇదేం చాదస్తం అనకు. ఆ నంబరు వరుసక్రమం కాదు, దూరం. బంతి మొదట్లో నిలబడినవాడు ఆ విస్తరిని చేరడానికి ఎన్ని విస్తళ్ళు దాటాలి అన్నది లెక్క. మొదటిదాన్ని చేరడానికి దాటవలసినదేమీ లేదు, అందుకని సున్నా. పాత భాషల్లో మెమరీ లెక్క సరిగ్గా ఇదే. అర్రే మొదలైన చోటు తెలుసు, ఒక్కో అంశం ఎంత జాగా తింటుందో తెలుసు. నంబరుని ఆ జాగాతో హెచ్చవేసి మొదటి చోటుకి కలిపితే కావలసిన అంశం చిక్కుతుంది. మార్టిన్ రిచర్డ్స్ 1967లో తెచ్చిన బీసీపీఎల్ భాషలో ఈ అలవాటు ఉంది. దాని వంశంలోనే బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ చేసిన సీ పుట్టింది. సీ చూసి రాసిన భాషల్లో చాలావాటికి అది వారసత్వంగా వచ్చింది. నేను కార్డుల మీద పంచ్ చేయించుకున్న ఫోర్ట్రాన్ మాత్రం ఒకటి నుంచే లెక్కపెట్టేది. ఇప్పటికీ నా చెయ్యి అటే లాగుతుంది.

ఈ గొడవ మీద ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అనే డచ్చి శాస్త్రవేత్త 1982 ఆగస్టులో చేతిరాతతో ఒక చిన్న వ్యాసం రాశాడు. రెండు నుంచి పన్నెండు దాకా ఉన్న సంఖ్యల వరసని ఎన్ని రకాలుగా చెప్పవచ్చో చూడమంటాడు. రెండుని కలుపుకుని పదమూడుకి ముందే ఆగడం ఆయనకి నచ్చిన పద్ధతి. పదమూడులోంచి రెండు తీసేస్తే వరసలో ఎన్ని ఉన్నాయో నేరుగా వచ్చేస్తుంది, పదకొండు. పైగా ఒక వరస ఆగిన సంఖ్య దగ్గరే తర్వాతి వరస మొదలవుతుంది, మధ్యలో ఒకటి కలపడం, ఒకటి తీయడం లేవు. ఈ పద్ధతి ఒప్పుకున్నాక మొదటి నంబరు సున్నా అయితేనే లెక్క అందంగా ఉంటుంది: సున్నాతో మొదలు, మొత్తం సంఖ్యకి ముందు ఆగడం. అయిదు విస్తళ్ళుంటే "అయిదుకన్నా తక్కువ ఉన్నంతసేపు నడువు." చిన్న వాక్యమే, కానీ లూపుల్లో సగం తప్పులు దీన్ని సరిగ్గా చదవకపోవడం వల్లే పుడతాయి.

ఇక పాతకాలపు ఫర్ లూపు. దానికి మూడు ముక్కలు చెప్పాలి. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంతవరకు నడవాలి, అడుగు ఎంత వెయ్యాలి. లెక్కపెట్టడానికి ఐ అనే డబ్బా ఒకటి పెట్టుకుంటారు. అది సున్నాతో మొదలవుతుంది, అర్రే లెంగ్త్ (పొడవు) కన్నా తక్కువగా ఉన్నంతసేపు నడుస్తుంది, ప్రతి చుట్టుకీ ఒకటి పెరుగుతుంది. ఐ అనే పేరే ఎందుకంటావా? గణితంలో వరసల మొత్తాలకి ఆ అక్షరం ఎప్పటినుంచో ఉంది. 1957 నాటి ఫోర్ట్రాన్ అయితే ఐ నుంచి ఎన్ దాకా ఏ అక్షరంతో పేరు మొదలైనా అది పూర్ణసంఖ్యే అనుకునేది. లెక్కపెట్టే డబ్బాకి ఐ, జె, కె పేర్లు పెట్టడం అలా చేతికి అలవాటైపోయింది. పని మళ్ళీ మళ్ళీ చేయించడమనే ఊహ ఇంకా పాతది. 1843లో ఏడా లవ్‌లేస్, ఛార్లెస్ బాబేజ్ కట్టాలనుకున్న యంత్రంతో బెర్నౌలీ సంఖ్యలు ఎలా తీయాలో రాస్తూ, కొన్ని మెట్లని చక్రంలా తిప్పి వాడుకోవడం గురించి చెప్పింది. యంత్రం పూర్తి కానేలేదు. లూపు మాత్రం కాగితం మీద పుట్టేసింది.

ఫర్ లూపులో వడ్డించేవాడు ప్రతి అడుగుకీ నోట్లో లెక్క పెట్టుకుంటాడు. అందుకే వాడికి స్వేచ్ఛ ఎక్కువ. ఒకటి వదిలి ఒకటి వడ్డించగలడు, చివరి నుంచి వెనక్కి రాగలడు, నేయి అయిపోతే మధ్యలోనే ఆగి వెళ్ళిపోగలడు. కానీ లెక్క తప్పితే? "అయిదుకన్నా తక్కువ" అనడానికి బదులు "అయిదు దాకా" అని రాశావనుకో. వాడు నాలుగో నంబరు దాటి ఇంకో అడుగు వేస్తాడు. అక్కడ విస్తరి లేదు. జావాస్క్రిప్టు గోల చెయ్యదు, అన్‌డిఫైన్డ్ అనే ఒక విలువ చేతిలో పెట్టి ఊరుకుంటుంది. జాబితా చివర ఆ మాట ముద్రపడి కనిపించిందంటే, ఎవరో ఒక అడుగు ఎక్కువ వేశారని దాదాపుగా చెప్పేయవచ్చు. సీ భాషలో ఇంత మర్యాద కూడా ఉండదు. విస్తరి ఉందో లేదో చూడకుండా పక్కవాళ్ళింటి గడపలోకి గరిటె పెట్టేస్తుంది. 2014లో బయటపడి ప్రపంచమంతా కంగారు పుట్టించిన హార్ట్‌బ్లీడ్ లోపం ఈ జాతిదే. అవతలివాడు చెప్పిన పొడవు నిజమో కాదో సరిచూడకుండా, అంత మేరా మెమరీ చదివి పంపేసింది ఓపెన్ ఎస్ఎస్ఎల్ అనే భద్రతా లైబ్రరీ కోడు. పొడవు ఎప్పుడూ అర్రేనే అడగాలి. చెప్పుడు మాట వినకూడదు.

ఇప్పుడు అసలు తికమక. ఫర్-ఇన్ అని ఇంకో లూపు ఉంది. పేరు చూస్తే అర్రే కోసమే పుట్టినట్టుంటుంది. కాదు. 1995 మే నెలలో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో జావాస్క్రిప్టు తొలిరూపం తయారుచేశాడన్నది అందరూ చెప్పుకునే కథ. ఆ భాషలో అర్రే కూడా ఒక ఆబ్జెక్టే, అంటే పేర్లూ వాటికి విలువలూ ఉన్న ఒక మూట. సున్నా, ఒకటి, రెండు అన్నవి కూడా దానికి పేర్లే. ఫర్-ఇన్ వచ్చి ఆ మూటలోని పేర్లని వరసగా చదువుతుంది. విలువలని కాదు, పేర్లని. అందులోనూ అవి అంకెలు కావు, అంకెల్లా కనిపించే అక్షరాలు. మొదటి నంబరు సున్నాకి ఒకటి కలుపుదామని చూస్తే ఒకటి రాదు, సున్నా పక్కన ఒకటి అతుక్కుని కూర్చుంటుంది. తర్వాతి విస్తరి ఏదో చూద్దామనుకున్నవాడికి లేని విస్తరి చిరునామా చేతికొస్తుంది.

దానికన్నా పెద్ద చిక్కు ఇంకోటి. ఆ మూటలో వారసత్వంగా వచ్చిన పేర్లు ఏమైనా కంటపడితే ఫర్-ఇన్ వాటినీ చదివేస్తుంది. ఇరవయ్యేళ్ళ కిందట ప్రోటోటైప్, మూటూల్స్ లాంటి లైబ్రరీలు అర్రేలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న మూలంలో తమ సొంత పనిముట్లు దూర్చేవి. అప్పుడు ఫర్-ఇన్‌తో నడిచేవాడు అయిదు విస్తళ్ళూ వడ్డించి, గోడకి ఆనించిన గొడుగుకీ, గుమ్మం దగ్గర చెప్పులకీ కూడా పప్పు వెయ్యబోయేవాడు. ఆబ్జెక్టుల మీదైతే ఫర్-ఇన్ పనికొచ్చే వస్తువే. అర్రేల దగ్గరికి దాన్ని రానివ్వకు. దీనిలో నాకు రెండో మాట లేదు.

ఈ ఫర్-ఇన్ వల్ల 2018లో ఒక తమాషా జరిగింది, విను. అర్రేలో అర్రేలు ఇరుక్కుని ఉంటే వాటిని విప్పి ఒకే వరసగా పరిచే పనిముట్టు ఒకటి భాషలో పెట్టాలనుకున్నారు. పేరు ఫ్లాటెన్. ఫైర్‌ఫాక్సు వాళ్ళు పరీక్షకోసం పెట్టి చూడగానే కొన్ని పాత సైట్లు చెడిపోయాయి. కారణం తవ్వితే మూటూల్స్ తేలింది. ఆ లైబ్రరీకి తనదైన ఫ్లాటెన్ ఒకటి ముందునుంచే ఉంది. తన పనిముట్లన్నిటినీ అది ఫర్-ఇన్‌తో లెక్కపెట్టి ఇంకో చోటికి నకలు చేసుకుంటుంది. బ్రౌజరు సొంతంగా ఇచ్చే పనిముట్లు ఫర్-ఇన్ కంటికి కనిపించకుండా దాచి ఉంటాయి. అదే పేరు మీద మూటూల్స్ తనది రాసుకున్నా ఆ దాపరికం పోదు. కాబట్టి నకలు చేసేటప్పుడు ఫ్లాటెన్ జారిపోయింది, దాన్ని నమ్ముకున్న సైట్లు కూలబడ్డాయి. పాత సైట్లని విరగ్గొట్టకూడదన్నది వెబ్ ప్రపంచంలో పెద్ద నియమం. పేరు మారిస్తే పోతుంది కదా అని ఒకాయన వేళాకోళంగా స్మూష్ అనే పేరు సూచించాడు. జనం దాన్ని నిజమనుకుని నెలల తరబడి పోట్లాడుకున్నారు. చివరికి ఫ్లాట్ అని కుదించి జావాస్క్రిప్టు 2019 ప్రమాణంలో చేర్చారు. ఎవరో ఎప్పుడో నడిచిన నడక కోసం కొత్త పనిముట్టు పేరే మార్చుకోవలసి వచ్చింది!

సరే, వెనక్కి వద్దాం. 2009 డిసెంబరులో వచ్చిన ప్రమాణంలో అర్రేకే కొన్ని నడకలు నేర్పారు. ఫర్‌ఈచ్, మ్యాప్, ఫిల్టర్, రెడ్యూస్, సమ్, ఎవ్రీ. వీటిలో ఐ అనే డబ్బా నువ్వు పెట్టక్కర్లేదు. "ప్రతి విస్తరిలోనూ రెండు గారెలు వెయ్యి" అని ఒక కుర్రాడికి చెప్పి పంపేస్తావు. ఎన్ని విస్తళ్ళో, ఎక్కడ ఆగాలో వాడే చూసుకుంటాడు. ఒక అడుగు ఎక్కువ వెయ్యడం అనే రోగం ఒక్కదెబ్బతో పోయింది. అందుకు నువ్వు చెల్లించిన మూల్యం ఏమిటో తెలుసా? ఫర్‌ఈచ్‌ని మధ్యలో ఆపలేవు. బ్రేక్ అని అరిస్తే భాష ఒప్పుకోదు. రిటర్న్ అంటే ఆ ఒక్క విస్తరి దగ్గర పని ముగించి కుర్రాడు తర్వాతిదానికి వెళ్తాడు, అంతే. వెయ్యి బస్సుల్లో ఖాళీ సీటున్న మొదటి బస్సు దొరికినా మిగతావన్నీ చూసే తీరతాడు. అలాంటప్పుడు ఫైండ్ వాడుకోవాలి, అది 2015లో వచ్చింది, దొరకగానే ఆగిపోతుంది. "ఉందా లేదా" అన్నది చాలనుకుంటే సమ్ చాలు, అదీ దొరకగానే ఆగుతుంది.

మ్యాప్ వేరు. అది ఒక్కో అంశం మీద పనిచేసి, వచ్చిన ఫలితాలతో అంతే పొడవున్న కొత్త అర్రే కట్టి ఇస్తుంది. పాతదాన్ని ముట్టుకోదు. నీ బస్సుల పేజీలో వివరాల అర్రేలోంచి పెట్టెల అర్రే తయారుచేసేది చాలా చోట్ల ఇదే. రియాక్ట్ లైబ్రరీ వాడేవాళ్ళకి మ్యాప్ లేకపోతే పొద్దు గడవదు. ఫిల్టర్ నచ్చినవాటినే ఏరుతుంది, రెడ్యూస్ అన్నిటినీ ఒక్కటిగా కుదిస్తుంది. ఫలితం అక్కర్లేని చోట మ్యాప్ వాడి, అది కట్టి ఇచ్చిన కొత్త అర్రేని గాలికి వదిలేసేవాళ్ళని చూస్తే నాకు చిరాకు. పని జరుగుతుంది, కాదనను. కోడు చదివేవాడు మాత్రం ఆ కొత్త వరస ఎక్కడికి పోయిందా అని వెతుక్కుంటాడు.

2015లో ఫర్-ఆఫ్ వచ్చింది. నన్నడిగితే రోజువారీ పనికి ఇదే హాయి. లెక్క నీది కాదు, కానీ పగ్గాలు నీ చేతిలోనే ఉంటాయి. చేతికొచ్చేది పేరు కాదు, విలువ. బ్రేక్ పనిచేస్తుంది. అర్రేలే కాదు, సెట్టు (ఒకే విలువని రెండోసారి ఉంచుకోని మూట), మ్యాపు (పైన చెప్పిన నడక కాదు, జంటలు దాచుకునే మూట), అక్షరాల మాటలు, పేజీలోని ముక్కల జాబితాలు, వేటివెంటైనా నడుస్తుంది. నంబరు కూడా కావాలంటే ఎంట్రీస్ అని అడిగితే నంబరూ విలువా జంటగా ఇస్తుంది.

ఫర్‌ఈచ్‌కీ ఫర్-ఆఫ్‌కీ ఇంకో తేడా ఉంది, చాలామంది గమనించరు. మూడు అంశాలున్న అర్రేలో ఒకేసారి పదో నంబరులో ఏదో పెట్టావనుకో. లెంగ్త్ పదకొండు అయిపోతుంది. మధ్యలో మూడు నుంచి తొమ్మిది దాకా విస్తరే లేని ఖాళీలు. ఫర్‌ఈచ్ ఆ ఖాళీల మీదుగా అడుగు కూడా వెయ్యదు, దాటేస్తుంది. ఫర్-ఆఫ్ ఒక్కో ఖాళీ దగ్గరా ఆగి అన్‌డిఫైన్డ్ అని చెప్పి ముందుకెళ్తుంది. ఒకే అర్రే, రెండు నడకలు, రెండు లెక్కలు.

ఏమిటీ, వడ్డిస్తుండగా మధ్యలో ఎవరైనా లేచిపోతే అంటావా? నేనే అక్కడికి వస్తున్నా. బంతిలో రెండో నంబరువాడు చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. అతని అవతలివాళ్ళంతా ఒక్కో స్థానం ఇటు జరిగారు. రెండో నంబరు దగ్గర పని అయిపోయిందనుకుని వడ్డించేవాడు మూడోదానికి వెళ్ళిపోయాడు. మూడులోంచి రెండుకి జరిగిన పెద్దమనిషి విస్తరి ఖాళీ. అర్రే వెంట ముందుకు నడుస్తూ, స్ప్లైస్‌తో అంశాలు తీసేస్తే జరిగేది సరిగ్గా ఇదే. వెబ్ పేజీలో ఇది ఇంకా మాయగా వస్తుంది. ఒక క్లాసు పేరున్న ముక్కలన్నీ ఇమ్మని గెట్‌ఎలిమెంట్స్‌బైక్లాస్‌నేమ్‌ని అడిగితే అది ఇచ్చే జాబితా సజీవం. పేజీలో మార్పు జరిగినప్పుడల్లా జాబితా కూడా మారుతుంది. దాని వెంట నడుస్తూ ఒక్కో ముక్కనుంచీ ఆ క్లాసు తీసేశావనుకో, తీసిన మరుక్షణం ఆ ముక్క జాబితాలోంచి లేచిపోతుంది. చివరికి చూస్తే సరిగ్గా ఒకటి విడిచి ఒకటి మిగిలి ఉంటాయి. కోడులో తప్పేమీ కనిపించదు, ఫలితం మాత్రం చారలు చారలుగా ఉంటుంది. విరుగుడు రెండు రకాలు. చివరినుంచి వెనక్కి నడిస్తే జరిగేవాళ్ళంతా నువ్వు ముందే వడ్డించేసినవాళ్ళే అవుతారు. లేదా క్వెరీసెలెక్టర్‌ఆల్‌ని అడుగు, అది ఆ క్షణానికి తీసిన నకలు ఇస్తుంది, తర్వాత కదలదు. మామూలు అర్రే అయితే తీసేసే బదులు ఫిల్టర్‌తో ఉంచవలసినవాటినే కొత్తగా ఏరుకో. నా ఓటు దీనికే.

ఇంటర్నెట్టు నుంచి సమాచారం రావలసిన చోట ఇంకో గొయ్యి ఉంది. పది ఊళ్ళ పేర్లున్న అర్రే, ఒక్కో ఊరి వాతావరణం సర్వరుని అడగాలి. జవాబు రావడానికి కాస్త సమయం పడుతుంది, అవెయిట్ అని రాస్తే అక్కడ ఆగుతుంది. ఫర్‌ఈచ్ లోపల అవెయిట్ పెట్టి, అన్నీ వచ్చేశాకే తర్వాతి కోడు నడుస్తుందనుకుంటారు. అలా జరగదు. ఆ కుర్రాడు ప్రతి విస్తరి దగ్గరా "పాయసం వస్తోంది" అని చెప్పి ఆగకుండా వెళ్ళిపోతాడు. బంతి చివరికి వచ్చి "అందరికీ అయింది" అంటాడు, ఒక్క విస్తరిలోనూ పాయసం పడలేదు. ఫర్-ఆఫ్‌లో అవెయిట్ పెడితే నిజంగానే ఆగి, ఒకటి వచ్చాకే రెండోది అడుగుతుంది. పదీ ఒకేసారి అడిగి, అన్నీ వచ్చేదాకా కాచుకోవాలంటే మ్యాప్‌తో పది వాగ్దానాల (ప్రామిస్‌ల) అర్రే కట్టి ప్రామిస్ ఆల్ చేతిలో పెట్టాలి. ఏది మేలన్నది సర్వరుని బట్టి ఉంటుంది. పది ఊళ్ళకి ఒకేసారి అడగొచ్చు. పదివేలైతే అవతలివాడు తలుపేసుకుంటాడు.

ఏ లూపు వేగం ఎక్కువ అని పిల్లలు పోట్లాడుకుంటారు. బస్సుల జాబితాకి ఆ తేడా కంటికి ఆనదు. వేగం చచ్చేది లూపులో లూపు పెట్టినప్పుడు. పదివేల అంశాల్లో ఒకేలా ఉన్నవి వెతకడానికి ప్రతిదాన్నీ మిగతా అన్నిటితో పోల్చావంటే దాదాపు పది కోట్ల పోలికలు. పేజీలో జావాస్క్రిప్టూ, బొమ్మ గీయడమూ, నీ వేలి తాకిడి వినడమూ ఒకే దారానికి వేలాడుతుంటాయి. లూపు తేలేదాకా పేజీ బిగుసుకుపోతుంది. చూసినవాటిని ఒక సెట్టులో వేసుకుంటూ పోతే అదే పని ఒక్క నడకలో తేలిపోతుంది.

చివరికి మన భాష సంగతి, ఇది ఇంగ్లీషు పుస్తకాల్లో దొరకదు. అక్షరాల మాట కూడా వరసే కాబట్టి దాని వెంట కూడా లూపు నడుస్తుంది. "అమ్మ" అని ఇచ్చి పొడవు అడుగు. మనకి రెండక్షరాలు. కంప్యూటరు నాలుగంటుంది. యూనికోడులో అది అ, మ, పొల్లు, మళ్ళీ మ. "స్త్రీ" మనకి ఒక్క అక్షరం, దానికి ఆరు. "లక్ష్మి" రెండు, దానికి ఏడు. పేరు పదక్షరాలు మించకూడదని దరఖాస్తులో కట్టుబాటు పెట్టి, లెంగ్త్‌తో కొలిచారనుకో, "లక్ష్మీదేవి" పదకొండై బయటికి పోతుంది. మన లెక్కలో ఆ తల్లి పేరు నాలుగక్షరాలే!

ఇప్పుడు నీకో పని. ముందునుంచి చదివినా వెనకనుంచి చదివినా ఒకేలా ఉండే మాటలని పట్టుకునే ప్రోగ్రాము రాయి. ఇద్దరు వడ్డించేవాళ్ళని చెరో చివరనుంచీ పంపు, ఇద్దరూ ఎదురెదురుగా నడుస్తూ చేతికొచ్చింది పోల్చుకుంటారు, మధ్యలో కలుసుకునేదాకా తేడా రాకపోతే సరే. "జలజ" ఇవ్వు, అవునంటుంది. "సరస", "నటన" ఇచ్చినా అవునంటుంది. ప్రోగ్రాము బాగుందని మురిసిపోయేలోపు తెనాలి రామకృష్ణుడి బిరుదు "వికటకవి" ఇవ్వు. కాదంటుంది! ఎందుకంటే అది వ, గుడి, క, ట, క, వ, గుడి. ఎడమవాడి చేతికి వ వచ్చింది, కుడివాడి చేతికి ఒంటరి గుడి వచ్చింది. మొదటి అడుగులోనే పేచీ. జలజకీ సరసకీ గుణింతం గుర్తులు లేవు కనుక బతికిపోయాయి.

అందుకని నడిపించే ముందు విస్తళ్ళు సరిగ్గా పరచాలి. బ్రౌజర్లలో ఇంటల్ సెగ్మెంటర్ అని ఒకటుంది. మాటని చూడగలిగే అక్షరాలుగా విడగొట్టి ఇస్తుంది. ఒత్తులున్న అక్షరాల విషయంలో అది చాలాకాలం తడబడింది, స్త్రీని మూడు ముక్కలు చేసేది. 2023లో వచ్చిన యూనికోడు 15.1 నియమాలు తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలని విడదీయకుండా ఉంచమన్నాయి. పాత బ్రౌజరైతే ఇంకా పాత పద్ధతే, చూసుకో. వికటకవిలో ఒత్తులు లేవు, ఎందులోనైనా వి, క, ట, క, వి అని అయిదే వస్తాయి. ఆ అయిదింటి అర్రే మీద నీ ఇద్దరినీ నడిపించు. రెండు పోలికలు చాలు, మధ్యలో ట ని ఎవరితోనూ పోల్చక్కర్లేదు. అది అవునన్నాక "కునుకు" ఇవ్వు. తర్వాత "కిటికీ" ఇవ్వు. అది కాదంటే ప్రోగ్రాముని తిట్టకు, మొదట ఉన్నది కి, చివర ఉన్నది కీ.